వైపరే కదా!

సభకు నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దలకు, ఈ ట్రైనింగ్‌లో చేరిన పిల్లలకు, వాళ్లను పంపిన తల్లిదండ్రులకు, కుర్చీలు సర్దినవాళ్లకు, మైకు పెట్టిన అబ్బాయికి, అందరికీ నమస్కారం. పేరుపేరునా చెప్పడం మొదలుపెడితే నాకిచ్చిన నలభై నిమిషాల్లో పది అక్కడే అయిపోతాయి. ఎవరి పేరైనా మర్చిపోతే ఇంకో పది క్షమాపణలకు పోతాయి. అందుకని అందరికీ కలిపి ఒకటే నమస్కారం.

కార్డులో నా పేరు కింద ‘ఆధునిక వాహనాల్లో వస్తున్న మార్పులు’ అని వేశారు. ఫోన్‌లో నేను ఒప్పుకున్నమాట నిజమే. ఒప్పుకున్నాక మూడు రాత్రులు కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. బ్యాటరీలు, కెమెరాలు, సెన్సర్లు. రాసింది చదువుకుంటే ఎవరో రాసిచ్చినట్టుంది. వాటి గురించి నాకంటే బాగా తెలిసినవాళ్లు ఈ వేదిక మీదే ఉన్నారు, వాళ్లే చెబుతారు. ముప్పై ఎనిమిదేళ్లు స్పానర్ పట్టుకున్న చేతులివి. నేను చెప్పగలిగింది, చెప్పి తీరాల్సింది ఒక్కటే ఉంది. దాన్ని ఈ గోనెసంచిలో వేసుకుని తెచ్చాను. ఇదిగో, బల్ల మీద పెడుతున్నాను. చప్పుడుకి ఏమీ అనుకోకండి.

ఏమిటిది? ముందు వరసలో ఆ అమ్మాయి చెప్పింది. వైపర్. మోటారు, దాన్ని ఆర్ములకు కలిపే కడ్డీలు, అంటే లింకులు, బ్లేడును పట్టుకునే చేతులు, అంటే ఆర్ములు రెండు, తుడిచే బ్లేడులు రెండు. కారు అద్దం ఒక్కటే లేదు, మిగతాదంతా ఉంది. ఈ నలభై నిమిషాలూ దీని గురించే. అధ్యక్షులవారు నవ్వుతున్నారు. నవ్వండి, పర్వాలేదు. ఏ షెడ్డుకు వెళ్లినా దీని పేరెత్తితే వచ్చే మొదటి మాట ‘వైపరే కదా!’ అనే. ఇంజిను పని పెద్ద మేస్త్రీకి, గేర్‌బాక్సు ఆయన పక్కవాడికి, వైపర్ నిన్న చేరిన కుర్రాడికి. ఆ కుర్రాడికి నేర్పేవాడుండడు. వాడు బ్లేడు మారుస్తాడు. తగ్గలేదా, మోటారు మారుస్తాడు. అప్పటికీ తగ్గకపోతే ‘ఈ బండికి ఇంతే సార్’ అంటాడు. ఆ ‘వైపరే కదా’ అన్న మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఎన్నిసార్లు అన్నానో మాత్రం లెక్కుంది. ఆ సంగతి తర్వాత.

ముందు చివరి నుంచి మొదలుపెడతాను. నీళ్లు తుడిచేది ఈ రబ్బరు. దీన్ని దగ్గరగా చూసినవాళ్లు తక్కువ. మీ అందరికీ తలా ఒక ముక్క కోసి తెచ్చాను, వెనక్కి పంపండి. కోసిన వైపు చూడండి. పైన లావుగా తల, మధ్యలో సన్నని మెడ, కింద మళ్లీ కాస్త వెడల్పయి చివరకొచ్చేసరికి పదునైన అంచు. వేలితో ఆ అంచును ఇటు తోయండి, అటు తోయండి. మెడ దగ్గర వాలుతోంది కదా? అసలు కిటుకంతా అక్కడే ఉంది. బ్లేడు కుడికి వెళ్లేటప్పుడు రబ్బరు ఎడమకు వాలి ఈడ్చుకుంటూ పోవాలి. చివర తిరిగి వెనక్కి వచ్చేటప్పుడు టక్కున రెండో వైపుకు వాలాలి. ఎప్పుడూ వెనక ఈడ్చుకుంటూ రావాలి తప్ప ముందుకు పొడుచుకుంటూ పోకూడదు. నేల తుడిచే గుడ్డ కర్రను లాగితే ఎలా వస్తుంది, నిలువుగా పొడిస్తే ఎలా దడదడలాడుతుంది? ఇదీ అంతే. ఎండకు మెడ గట్టిపడిపోయిందనుకోండి, చివర తిరిగేచోట రబ్బరు వాలదు. అప్పుడే అద్దం మీద ‘గర్ర్ర్’మని గెంతులు.

ఇంకోటి. గెంతులు ఒక వైపు వెళ్లేటప్పుడే వచ్చి, తిరిగి వచ్చేటప్పుడు లేకపోతే తప్పు రబ్బరుది కాదు, ఆర్ముది. ఆర్ము కొస మెలితిరిగి ఉంటుంది. బ్లేడు అద్దానికి నిటారుగా నిలబడకుండా ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. కొత్త బ్లేడు వేసినా మళ్లీ అదే గోల. ఆర్ము కొసను రెండు ప్లయర్లతో పట్టుకుని రవ్వంత తిప్పితే పోయే రోగానికి మూడు జతల బ్లేడులు మార్చినవాళ్లను చూశాను.

గీతలు కూడా మాట్లాడతాయి. ఒకేచోట సన్నటి గీత మిగిలితే అంచు అక్కడ తెగింది, లేదా ఇసుక రేణువు ఇరుక్కుంది. తడిగుడ్డతో అంచు తుడిచి చూడండి. వెడల్పుగా పట్టీలాగా తుడవని భాగం మిగిలితే అక్కడ ఒత్తిడి ఆనడం లేదు. ఫ్రేము వంగింది, లేకపోతే ఆర్ములోని స్ప్రింగు నీరసించింది. బ్లేడు వెళ్లాక పొగమంచులాంటి పొర కనిపించి మెల్లగా మాయమైతే అద్దం మీద నూనె జిడ్డుంది. మారుస్తే మార్చాల్సింది అద్దం కడిగే పద్ధతి. దయచేసి రబ్బరుకు గ్రీజు రాయకండి, డీజిలు పూయకండి. ‘మెత్తబడుతుంది సార్’ అంటారు. మెత్తబడదు, ఉబ్బుతుంది. ఉబ్బిన రబ్బరుకు అంచు ఎక్కడుంటుంది?

ఈ స్ప్రింగు ఎంత బలంగా నొక్కుతుందో చెప్పలేదు కదూ. అరవై సెంటీమీటర్ల బ్లేడు మీద సుమారు కిలో బరువు పెట్టినంత. ఆ కిలోను బ్లేడు పొడవునా సమానంగా పంచాలి. పాత బ్లేడులకు పైన కాడి, దాని కింద రెండు చిన్న కాడులు, వాటి కింద ఇంకా చిన్నవి ఉండేవి. నాగలి కాడిలాగే ఒకదాని కింద ఒకటి బరువు పంచుకునేవి. ఇప్పటి చదును బ్లేడులో ఆ కాడులు లేవు, లోపల వంపు తిరిగిన స్టీలు పట్టీ ఉంటుంది. అద్దానికి ఆనించగానే ఆ వంపు చదునై అంతటా ఒకే ఒత్తిడి ఇస్తుంది. సంతోషమే. కానీ దాన్ని చేత్తో వంచి సరిచేయడం కుదరదు. పోతే పోయినట్టే.

ఈ ఆర్ము, స్ప్రింగు ఎవరికి తట్టాయో తెలుసా? మేరీ ఆండర్సన్ అనే ఆవిడకు. అమెరికాలో అలబామా ఆవిడది. ఆటోమొబైల్ ఇంజినీరేమీ కాదు. చలికాలంలో న్యూయార్క్ వెళ్లి ట్రాము ఎక్కితే, మంచు పడుతుంటే డ్రైవరు ముందు కిటికీ తెరుచుకుని చలిలో వణుకుతూ నడుపుతున్నాడు. అది చూసి ఆవిడకు తట్టింది ఇదీ: లోపల కూర్చునే తిప్పే లీవరు, బయట రబ్బరు కట్టిన చెయ్యి, అది అద్దానికి ఆనేలా స్ప్రింగు. 1903 నవంబరులో పేటెంటు వచ్చింది. రెండేళ్ల తర్వాత ఒక కెనడా కంపెనీకి రాస్తే, దీనికి వ్యాపార విలువేమీ లేదని జవాబు. అంటే వాళ్లు కూడా ‘వైపరే కదా’ అన్నారన్నమాట! అందరి కార్లకూ వైపర్లు వచ్చేసరికి పేటెంటు గడువు తీరిపోయింది. ఆవిడకు పైసా రాలేదు.

సరే, మోటారుకొద్దాం. వెనక బెంచీల్లో వాళ్లకు కనిపించకపోతే లేచి ముందుకు రండి, నేనేమీ అనను.

ఈ గుండ్రటి డబ్బాలో ఉన్నది డీసీ మోటారు. దాని షాఫ్టు చివర మరచుట్టులాంటి వార్మ్. అది ఈ తెల్ల ప్లాస్టిక్ పళ్లచక్రాన్ని తిప్పుతుంది. మోటారు యాభై అరవై చుట్లు తిరిగితే ఈ చక్రం ఒక చుట్టు. వేగం తగ్గింది, బలం పెరిగింది. చక్రం ఇరుసుకు బిగించిన ఈ పొట్టి చెయ్యి క్రాంకు. మోటారు ఎప్పుడూ ఒకే దిక్కుకు తిరుగుతుంది, గుర్తుపెట్టుకోండి. అటూ ఇటూ ఊపేది క్రాంకు, లింకు, ఆర్ము ఇరుసును తిప్పే ఈ లీవరు కలిసి. క్రాంకు పొట్టిది, లీవరు పొడవైనది కాబట్టి క్రాంకు గుండ్రంగా తిరుగుతుంటే లీవరు పూర్తి చుట్టు తిరగలేక ఊగుతుంది. చివర్లో నెమ్మదించి, మధ్యలో వేగం పుంజుకుని, మళ్లీ నెమ్మదించి, ఉయ్యాల లాగే. ఇప్పుడిప్పుడు మోటారునే కంప్యూటరుతో అటూ ఇటూ తిప్పే బళ్లు వచ్చాయి. అవి వేరే కథ.

రెండు స్పీడులు ఎలా వస్తాయి? ఎవరైనా చెప్పండి. రెసిస్టెన్సా? హీటరు ఫ్యానుకి అయితే అది సరే. ఇక్కడ మోటారులో తిరిగే భాగానికి ఆని కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు మూడుంటాయి. ఒకటి రెండు స్పీడులకూ ఉమ్మడి. దానికి ఎదురుగా ఉన్నది స్లోకి. కాస్త పక్కకు జరిపి పెట్టిన మూడోది ఫాస్టుకి. పక్కకు జరిగిన బ్రష్ గుండా కరెంటు వెళ్తే మోటారు తిరుగుతూ పుట్టించే ఎదురు వోల్టేజీ తగ్గుతుంది. అది తగ్గింది కాబట్టి మోటారు ఇంకా వేగంగా తిరుగుతుంది. అమెరికా రూలు ప్రకారం వేగం ఎక్కువున్న స్పీడులో నిమిషానికి కనీసం 45 రాకపోకలుండాలి. నెమ్మది స్పీడులో 20కి తగ్గకూడదు. రెండిటికీ కనీసం 15 తేడా ఉండాలి. ఊరికే అంకెలు కావివి, పరీక్షకు పనికొస్తాయి. గడియారం పెట్టుకుని తడి అద్దం మీద లెక్కపెట్టండి. అంతకు తగ్గితే ఎక్కడో బిగుసుకుంటోంది. ఫాస్టులో వేగముంటుంది గానీ బలం తక్కువ. అందుకే లింకులు బిగుసుకున్న బండి స్లోలో ఎలాగో లాక్కొస్తుంది, ఫాస్టు వేయగానే మూలుగుతుంది. అది విని ‘మోటారు పోయింది’ అంటారు. మోటారు పోలేదు నాయనా, మోటారు మొరపెట్టుకుంటోంది.

స్విచ్ ఆపితే వైపర్ ఎక్కడుంటే అక్కడే ఆగదు, కిందికి వచ్చి పడుకుంటుంది. దాన్ని పార్కు అంటాం. ఈ పళ్లచక్రం వెనక రాగి పట్టీ ఉంది, ఒకచోట తెగి ఉంది చూడండి. మీరు స్విచ్ ఆపినా ఈ పట్టీ గుండా మోటారుకు కరెంటు అందుతూనే ఉంటుంది. తెగిన చోటు రాగానే కరెంటు ఆగుతుంది. అంతటితో అయిపోలేదు. అదే క్షణంలో మోటారు రెండు కొసలూ ఒకదానికొకటి కలుస్తాయి. తిరుగుతున్న మోటారు జనరేటరై తన కరెంటుతో తనకే బ్రేకు వేసుకుంటుంది. అందుకే టక్కున ఆగుతుంది. కాబట్టి స్విచ్ ఆపగానే నడి అద్దంలో ఆగిపోతుంటే, లేదా ఆపినా తిరుగుతూనే ఉంటే, చూడాల్సింది ఈ రాగి పట్టీ, దీన్ని ఆనుకునే కాంటాక్టులు, కరెంటుతో పనిచేసే స్విచ్, అంటే రిలే. మోటారు మార్చమని చెప్పేముందు మూత తీసి ఒకసారి చూడండి.

మరి అదే వచ్చి అదే ఆగి, కాసేపాగి మళ్లీ రావడం? చినుకులు పడుతున్నప్పుడు వేసుకుంటామే, అది. దాని వెనక ఒకాయన జీవితం ఉంది. ఇది చెప్పకుండా ముందుకెళ్లలేను. నిర్వాహకులు గడియారం చూడకండి.

రాబర్ట్ కెర్న్స్ అని ఇంజినీరు. 1953లో పెళ్లయిన రోజు రాత్రి షాంపేను సీసా మూత ఎగిరొచ్చి ఎడమ కంటికి తగిలింది. ఆ కన్ను దాదాపు పోయింది. కొన్నేళ్లకు ఒక వానలో కారు నడుపుతుంటే ఎడతెగకుండా ఊగే వైపర్లు ఆ ఒంటికన్నుకు చిరాకుగా ఉన్నాయట. కంటిరెప్ప ఊరికే కొట్టుకుంటూ ఉండదు కదా, కాసేపాగి ఒకసారి రెప్పవేస్తుంది కదా, వైపర్ ఎందుకు అలా చేయకూడదు అనుకున్నాడు. ట్రాన్సిస్టరు, కరెంటును కాసేపు నిల్వచేసే కెపాసిటరు, తిప్పితే మారే రెసిస్టరు. కెపాసిటరు మెల్లగా నిండుతుంది, నిండగానే వైపర్ ఒకసారి ఊగుతుంది. రెసిస్టరు తిప్పితే నిండే సమయం మారుతుంది. అంతే. 1967లో పేటెంటు వచ్చింది. పెద్ద కార్ల కంపెనీలకు చూపించాడు. వాళ్లు చూశారు, అడిగారు, తర్వాత పిలవలేదు. కొన్నాళ్లకు వాళ్ల కార్లలో అలాంటి వైపర్లే వచ్చాయి. 1978లో ఫోర్డు మీద కేసు వేశాడు. మీ సర్క్యూట్‌లో కొత్త పార్టు ఒక్కటైనా ఉందా అన్నది వాళ్ల వాదన. పార్టులు పాతవే, కలిపిన తీరు కొత్తదని ఈయన. 1990లో ఫోర్డు కోటి డాలర్లకు పైగా ఇచ్చి రాజీపడింది. తర్వాత క్రైస్లర్ అనే ఇంకో కార్ల కంపెనీ మీద కూడా గెలిచాడు, ఆ కేసులో లాయరును కూడా పెట్టుకోకుండా తనే వాదించుకున్నాడు. ఈలోగా సంసారం విచ్ఛిన్నమైంది, ఆరోగ్యం దెబ్బతింది. 2005లో పోయాడు.

డబ్బు కోసం కాదు, చేసింది నేనని ఒప్పుకోమనే ఆయన పోరాటం. నేను ఆయన్ని తలుచుకునేది ఇంకో కారణానికి. ఆయన చేసింది తనదని ఒప్పించడానికి అన్నేళ్లు తిరిగాడు. నేను చేసింది నాదని ఒప్పుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది. ఇక ఆ సంగతి చెప్పేస్తాను. మీ సార్లకు కూడా తెలీదు.

ఈ లింకు చివర కప్పు ఉంది చూడండి, లోపల అరుగుదల ఆపే ప్లాస్టిక్ తొడుగు, అదే బుష్. లీవరు మీద ఇనుప గుండు. గుండు కప్పులో ‘టప్’మని కూర్చుంటుంది. కూర్చుని అన్ని వైపులా తిరుగుతుంది. ఒక సాయంత్రం, మబ్బు బాగా కమ్మి ఉంది, ఒక పెద్దాయన కారు తీసుకొచ్చారు. స్కూల్లో పాఠాలు చెప్పే మాస్టారు. డ్రైవరు వైపు వైపర్ పనిచేయడం లేదు, రెండోది ఊగుతోంది. బానెట్ ఎత్తి చూస్తే బుష్ అరిగి, కప్పు గుండు మీద నుంచి ఊడిపోయింది. నా దగ్గర ఆ బుష్ లేదు. రేపు తెప్పిస్తాను, కారు ఉంచి వెళ్లండి అనాలి. ఆయన వెళ్లాల్సిన దూరం ఉంది, తొందరలో ఉన్నారు. నేనూ తొందరలో ఉన్నాను, షెడ్డు మూసే వేళ. కప్పును గుండు మీద పెట్టి బైండింగ్ వైరుతో నాలుగు చుట్లు చుట్టి, ప్లయర్‌తో మెలేశాను. ఊగింది. ‘ఇది ఆగుతుందా?’ అని అడిగారాయన. నేనన్నాను: ‘వైపరే కదా సార్, ఈ పూటకి ఢోకా లేదు.’

ఇప్పుడు లెక్క వేయండి. నిమిషానికి 45 అనుకుంటే గంటకు 2,700 రాకపోకలు. ఒక్కో రాకపోకకు వైరు ఆ మూల దగ్గర అటొకసారి ఇటొకసారి వంగుతుంది. అంటే గంటకు 5,400 వంపులు. మీ దగ్గర బైండింగ్ వైరు ముక్క ఉంటే చేత్తో అటూ ఇటూ వంచి చూడండి, ఎన్నింటికి తెగుతుందో. పది? ఇరవై? చుట్టినప్పుడు వంపు తక్కువే ఉంటుంది కాబట్టి ఇంకాస్త ఎక్కువసేపు ఆగింది. అంతే తేడా.

మర్నాడు ఉదయం ఆయన వచ్చారు. నడిచి వచ్చారు. అరుస్తారనుకున్నాను. అరవలేదు. చొక్కా జేబులోంచి రెండు ముక్కలైన వైరు తీసి నా బల్ల మీద పెట్టి, ‘ఇది మీదే అనుకుంటాను’ అన్నారు. వాన జోరుగా ఉన్నప్పుడు తెగిందట. డ్రైవరు ముందు అద్దమంతా నీళ్ల తెర. పక్క సీటు ముందు మాత్రం శుభ్రంగా తుడుస్తూనే ఉంది. చూడాల్సినాయనకు కనిపించదు, పక్కన నిద్రపోతున్న భార్యకు దారి అంతా కనిపిస్తోంది. ఆయన కిటికీ దించి, ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, రెండో చేత్తో తువ్వాలు పెట్టి అద్దం తుడుచుకుంటూ నడిపారు. ‘పన్నెండు కిలోమీటర్లు నేనే వైపర్ని’ అన్నారు. పదమూడో కిలోమీటరులో కల్వర్టు గోడకు గుద్దుకున్నారు. లైటు పగిలింది, ముందుభాగం నొక్కుకుపోయింది. మనుషులకేమీ కాలేదు. ఏమీ కాలేదు అని నేను ఎన్నిసార్లు అనుకున్నానో! దాంతో నా తప్పు చిన్నదవుతుందేమోనని.

ఆ వైరు ముక్కలు దాచుకున్నానా అని అడగకండి. కథల్లో అయితే దాచుకుంటారు. నేను ఆ రోజే చెత్తబుట్టలో పడేశాను, ఎవరూ చూడకుండా.

కారు తెప్పించి మొత్తం విప్పాను. అప్పుడు తెలిసింది, బుష్ ఊడటం రోగం కాదు, రోగలక్షణం. ఆర్ము కూర్చునే ఈ ఇరుసు, దీన్ని పివట్ అంటాం, ఒక గొట్టంలో తిరగాలి. అది తుప్పుపట్టి బిగుసుకుంది. రెండు చేతులతో తిప్పితే గానీ కదలలేదు. మోటారు బలంగా తోస్తోంది, పివట్ కదలనంటోంది, మధ్యలో బలహీనమైనది ఏది? బుష్. అది ఊడింది. కొత్త బుష్ వేసినా నెల తిరక్కుండా మళ్లీ ఊడేది. పివట్ ఎందుకు తుప్పుపట్టింది? అద్దం కింద, బానెట్ వెనక ప్లాస్టిక్ జాలీ ఉంటుంది కదా, దాని కింద తొట్టి. అద్దం మీద నుంచి జారిన నీళ్లన్నీ ఆ తొట్టిలో పడి మూలనున్న కన్నాల గుండా కిందికి పోవాలి. ఆ కన్నాలు ఎండుటాకులతో మూసుకుపోయాయి. మోటారూ లింకులూ నీళ్లలో కూర్చున్నాయి, ఎన్ని నెలల నుంచో. ఒక గుప్పెడు ఆకులు. గుప్పెడంటే గుప్పెడే, ఈ చేత్తో తీశాను, నల్లగా, బురదలాగా.

అమ్మా, నువ్వు రాసుకుంటున్నావు కదా, ఈ ఒక్కటీ పెద్దక్షరాలతో రాసుకో: ఏ బండి ఏ పనికి వచ్చినా సరే, జాలీ కింద ఆకులు తీసెయ్యి. ఎవరూ అడగరు, బిల్లులో రాయలేం, అయినా తీసెయ్యి.

చీటీ వచ్చింది. ‘పది నిమిషాలు’ అని ఉంది. సరే, విప్పే పద్ధతి చెప్పి ముగిస్తాను. అద్దం మీద నీళ్లు చిమ్మే వాషరు సంగతి, వాన పడుతోందని కనిపెట్టే వాన సెన్సరు సంగతి ఒక్కో మాటలో. వాషరు నీళ్లు రాకపోతే ముందు మోటారు చప్పుడు వినండి. చప్పుడుంటే నీళ్లు చిమ్మే కన్నం, నాజిలులో సూది పెట్టండి, చప్పుడు లేకపోతే ఫ్యూజు చూడండి. వాన సెన్సరు అద్దంలోకి ఏటవాలుగా కంటికి కనిపించని వెలుగు పంపుతుంది. అద్దం పొడిగా ఉంటే ఆ వెలుగంతా వెనక్కి తిరిగొస్తుంది, చినుకున్నచోట కొంత బయటికి జారిపోతుంది. తగ్గిన వెలుగును బట్టి వానెంతో లెక్కకడుతుంది. అద్దం మార్చినప్పుడు సెన్సరు మెత్త కింద గాలిబుడగ మిగిలిందో, ఎండలో కూడా వైపర్ ఊగుతుంది. బండి కడిగేముందు వైపర్ స్విచ్‌లో ‘ఆటో’ ఆపండి. ఇవి ఇంతే.

విప్పడం. ముందు స్విచ్ వేసి, ఒకసారి ఊగనిచ్చి, ఆపి, పార్కులోకి వచ్చిందని చూసుకోండి. బ్లేడు ఉన్నచోట అద్దం మీద టేపు ముక్క అంటించండి. మళ్లీ బిగించేటప్పుడు ఆ టేపే మీకు సాక్షి. నట్టు తీశాక ఆర్ము రాదు. ఇరుసు మీద సన్నటి పళ్లుంటాయి, వాటిలోకి కరుచుకుపోయి ఉంటుంది. స్క్రూడ్రైవరు పెట్టి అద్దానికి ఆనించి పైకి లేపకండి. అద్దం పగిలితే ఆ చప్పుడు ముప్పై ఏళ్లయినా చెవిలో ఉంటుంది. ఆర్మును పైకి లాగే చిన్న పుల్లరుంటుంది, దాన్ని వాడండి. బ్లేడు తీసేసిన ఆర్మును నిలబెట్టి వదిలేయడం ఇంకో ప్రమాదం. లోపలి స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది, ఇనుప కొస నేరుగా అద్దాన్ని కొడుతుంది. మందపాటి గుడ్డ మడతపెట్టి అద్దం మీద పరిచాకే బ్లేడు తీయండి.

లింకుల్లో చెయ్యి పెట్టేముందు మోటారు కనెక్టరు ఊడదీయండి. ఎవడో లోపల కూర్చుని స్విచ్ తగిలిస్తే మీ వేలు క్రాంకుకూ ఫ్రేముకూ మధ్య ఉంటుంది. అది ఆగదు.

ఇక పరీక్ష. లింకు ఊడదీసి పివట్‌ను చేత్తో తిప్పండి, రెండు వేళ్లతో తిరగాలి. కప్పులను పట్టుకుని కదిలించండి. మిల్లీమీటరు ప్లే, అంటే వదులు, ఉందనుకోండి, ‘మిల్లీమీటరే కదా’ అనకండి. లీవరు పొడవు ఐదు సెంటీమీటర్లు, బ్లేడు చివర పివట్ నుంచి అరవై సెంటీమీటర్లకు పైనే. పన్నెండు రెట్లు. ఇక్కడి మిల్లీమీటరు అక్కడ సెంటీమీటరు దాటుతుంది. బ్లేడు అద్దం అంచును ‘టక్ టక్’మని కొట్టేది అందుకే. మోటారు బయట పెట్టినప్పుడు తిరిగి బిగించేముందు కనెక్టరు పెట్టి ఒకసారి తిప్పి పార్కులోకి తేవడం మర్చిపోకండి. అది మరిచి బిగిస్తే స్విచ్ వేయగానే బ్లేడు బానెట్ మీదికి దిగుతుంది, లేకపోతే రెండు బ్లేడులూ ఒకదానిమీదొకటి పడతాయి. నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో ఆ తప్పు చేయనివాడు లేడు. నేనూ చేశాను.

మాస్టారు తర్వాత పదేళ్లు నా దగ్గరికే వచ్చారు. ఎందుకొచ్చేవారో అడగలేదు. వచ్చిన ప్రతిసారీ నేను జాలీ ఎత్తి ఆకులు తీస్తుంటే పక్కనే నిలబడి చూసేవారు. ఆ వైరు మాట మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

ఇప్పుడు ఒకరు పైకి రండి. నువ్వు రా బాబూ, ఆ మూల నిలబడినవాడివి. కింద బ్యాటరీ ఉంది, ఈ ఎర్ర వైరు అందులో పెట్టాను. చేతులు దూరంగా ఉంచి స్విచ్ వెయ్యి. ఊగుతోందా? ఆపు. ఎక్కడ ఆగింది? సరిగ్గా చూడు, కింద ఆగిందా? ఆగింది. ఇప్పుడు వైరు తీసెయ్. తీశావా? ఆ టేపు ముక్క ఇటివ్వు. ఊఁ, ఇక్కడ అంటించు. గుడ్డ పరుచు, అద్దం లేకపోయినా పరుచు, అలవాటవ్వాలి. స్పానర్ నీ చేతికిస్తున్నాను. మిగతావాళ్లు దగ్గరికొచ్చి చుట్టూ నిలబడండి.